మోకాలికి కీహోల్ ఆపరేషన్ తర్వాత నొప్పి: కీలులో వేసే సూది ఎప్పుడు మేలు, ఎప్పుడు వద్దు

పూతలపట్టు, పాకాల, ఐరాల, బంగారుపాళ్యం వైపు ఇళ్లలో ఎవరికైనా మోకాలి ఆపరేషన్ అంటే దారి రెండు వైపులకే. ఒకటి తిరుపతి, రెండోది చిత్తూరు దాటి వేలూరు. తిరుపతిలో ఎముకలు, కీళ్ల వైద్యానికి పేరున్న బర్డ్ ఆస్పత్రి ఉంది, రుయా ఉంది, స్విమ్స్ ఉంది. వేలూరులో 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టి, ఇప్పుడు దేశమంతా తెలిసిన సీఎంసీ ఉంది. ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా ఒక మాట మాత్రం అందరికీ ఒకటే. కీహోల్ పద్ధతి అయితే ఆ రోజే, లేదంటే మర్నాడో ఆ మర్నాడో ఇంటికి పంపించేస్తారు. ఆస్పత్రి అక్కడ ఉండిపోతుంది, నొప్పి మనతోపాటు ఇంటికొస్తుంది.

అప్పుడు ఇంట్లో మొదలయ్యే మాట కూడా ఒకటే. "ఒక సూది వేయించేస్తే పోతుంది కదా?" పక్కింటి ఖాలా తనకు వేసిన సూది గురించి చెబుతారు, చాచా ఫలానా చోట జెల్ ఎక్కించారని చెబుతారు. ఇందులో నిజం ఉంది, ప్రమాదమూ ఉంది. ఎందుకంటే "మోకాలి సూది" అనేది ఒక మందు కాదు. కనీసం నాలుగైదు రకాల మందులను మనం ఆ ఒక్క పేరుతోనే పిలుస్తున్నాం. ఒకటి కొన్ని గంటలు పనిచేస్తుంది, ఒకటి కొన్ని వారాలు. ఒకటి ఆపరేషన్ రోజున మేలు, ఇంకొకటి ఆ రోజుల్లో వేస్తే కీడు. ఏ సూది ఎందుకో తెలిస్తే, ఎప్పుడు అడగాలో, ఎప్పుడు వద్దనాలో మనకే అర్థమవుతుంది.

చిల్లు చిన్నదే, మరి నొప్పి ఎందుకు?

కీహోల్ ఆపరేషన్‌నే డాక్టర్లు ఆర్థ్రోస్కోపీ అంటారు. మోకాలి చిప్పకు అటూ ఇటూ చిన్న చిల్లులు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, ఇంకోదాంట్లోంచి పనిముట్లు పంపిస్తారు. లోపల బాగా కనిపించడానికి కీలు నిండా సెలైన్ నీళ్లు నింపుతారు. 1918లో టోక్యోలో కెంజీ తకాగి అనే డాక్టరు చనిపోయిన మనిషి మోకాలిలోకి గొట్టం పంపి చూడటంతో ఈ విద్య మొదలైంది. 1962లో ఆయన శిష్యుడు మసాకీ వతనబే ఇదే పద్ధతిలో చిరిగిన మెనిస్కస్ ముక్కను తీశారు. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య మెత్తలాగా ఉండే భాగం. ఈ రోజుల్లో చిరిగిన మెనిస్కస్‌కు కుట్లు వేయడం, తెగిన ఏసీఎల్ లిగమెంట్ స్థానంలో కొత్తది పెట్టడం కూడా ఇదే దారిలో చేస్తున్నారు.

పైన చూస్తే రెండు చిల్లులే. లోపల మాత్రం పని జరిగింది. మోకాలి లోపల ఏ భాగానికి ఎంత నొప్పి తెలుస్తుందో కనుక్కోవడానికి అమెరికాలో స్కాట్ డై అనే ఎముకల డాక్టరు తన రెండు మోకాళ్లనే ఇచ్చేశారు. కీలు లోపల మత్తు లేకుండా కెమెరా పంపించుకుని, ఎక్కడ తాకితే ఎట్లా ఉందో చెప్పారు. 1998లో అచ్చయిన ఆ వివరం ఇప్పటికీ డాక్టర్లు చెప్పుకుంటారు. ఎముక చివర్న ఉండే నున్నటి గుజ్జును తాకితే నొప్పి దాదాపు లేదు. కీలు లోపలి పొర, చిప్ప కింద ఉండే కొవ్వు మెత్త తాకితే మాత్రం భరించలేనంత నొప్పి. కీహోల్ పనిముట్లు దూరేది సరిగ్గా ఆ పొర, ఆ కొవ్వు మెత్త మీదుగానే. అందుకే చిల్లు చిన్నదైనా నొప్పి గట్టిగానే ఉంటుంది.

దీనికి తోడు ఇంకో రెండు నొప్పులు. రక్తం కారకుండా తొడకు గాలి పట్టీ బిగించి ఉంటే ఒకట్రెండు రోజులు తొడ సలుపుతుంది. కీలులో నీరు, రక్తం చేరి ఉబ్బితే బరువుగా, బిగపట్టినట్టు ఉంటుంది. చిల్లుల పక్కన చర్మం మొద్దుబారినట్టు, చురచురలాడినట్టు ఉండటం కూడా కొందరికి మామూలే. అక్కడి సన్నటి చర్మపు నరం కదిలి ఉంటుంది.

మొదటి సూది మీకు తెలియకుండానే పడుతుంది

ఆపరేషన్ పూర్తయి పనిముట్లు బయటికి తీసేటప్పుడు చాలామంది సర్జన్లు మోకాలి లోపల, చిల్లుల చుట్టూ మొద్దుబారించే మందు వేస్తారు. బుపివకైన్, రోపివకైన్ అనేవి ఎక్కువగా వాడతారు. పన్ను పీకేటప్పుడు డాక్టరు వేసే సూది జాతికి చెందిన మందులే ఇవి, కాకపోతే ఎక్కువసేపు ఉంటాయి. కొన్ని చోట్ల మత్తు డాక్టరు తొడ లోపలి వైపు నరం దగ్గర కూడా మందు వేస్తారు. దాన్ని నర్వ్ బ్లాక్ అంటారు. కీలులో వేసిన మందు కొన్ని గంటలు, నర్వ్ బ్లాక్ ఇంకాస్త ఎక్కువసేపు పనిచేస్తాయి.

కీలులోకి కొద్దిగా మార్ఫిన్ కూడా కలిపితే ఎట్లా ఉంటుందని 1990ల మొదట్లో పెద్ద ఆశ పుట్టింది. ఒక మిల్లీగ్రాము వేస్తే నొప్పి తగ్గిందని 1991లో జర్మనీ డాక్టర్లు రాశారు. తర్వాత చాలా పరిశోధనలు జరిగాయి. వాటన్నింటినీ ఒకచోట పెట్టి చూసిన 2016 నాటి కోక్రేన్ సమీక్ష, ఒక మిల్లీగ్రాము మార్ఫిన్ ఉత్త సెలైన్ సూది కన్నా మెరుగని చెప్పడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. మీకు అది వేయలేదని బెంగ పడాల్సిన పని లేదు.

మొద్దుబారించే మందు గురించి కూడా ఒక జాగ్రత్త ఉంది. బుపివకైన్ ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో తగిలితే కీలు గుజ్జు కణాలు చనిపోతాయి. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి పంపుతో కీలులోకి మందు ఎక్కించిన కొందరికి, ముఖ్యంగా భుజం కీలులో, గుజ్జు మొత్తం కరిగిపోయింది. 2009లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఆపరేషన్ చివర్న ఒక్కసారి వేసే సూదికీ దానికీ చాలా తేడా ఉంది, ఒక్కసారిది వాడుకలో ఉన్న పద్ధతే. "నొప్పి తగ్గేదాకా రోజూ కీలులో మత్తు సూది వేయండి" అని మనం అడగకూడనిది మాత్రం ఇందుకే.

మొదటి రాత్రి మోసం

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. తిరుపతిలోనో వేలూరులోనో మధ్యాహ్నం డిశ్చార్జి అయ్యి, కార్లో ఇంటికొచ్చేసరికి నొప్పే ఉండదు. "అల్‌హమ్దులిల్లాహ్, ఏమీ లేదు" అంటారు. చూడటానికి వచ్చిన బంధువులతో కూర్చుంటారు, మెట్లెక్కుతారు, కాలు కింద పెట్టుకుని భోంచేస్తారు. అది మోకాలు బాగైనందువల్ల కాదు, లోపలి మందు ఇంకా పనిచేస్తున్నందువల్ల. రాత్రి పదీ పదకొండుకు ఆ మందు దిగిపోతుంది. పొద్దున్నుంచీ కాలును తిప్పలు పెట్టిన నొప్పి, ఆపరేషన్ నొప్పి రెండూ కలిసి ఒక్కసారిగా వస్తాయి. ఆ వేళకు దగ్గర్లో మందుల షాపు తెరిచి ఉండదు.

అందుకని చేయాల్సింది రెండు పనులు. డిశ్చార్జి అయ్యేటప్పుడే "లోపల వేసిన మందు ఎన్ని గంటలకు దిగిపోతుంది?" అని అడగండి. రాసిచ్చిన నొప్పి మాత్ర మొదటి డోసు, ఆ మందు దిగకముందే వేసుకోవచ్చా అని కూడా అడిగి, అట్లాగే చేయండి. నొప్పి ముదిరాక మాత్ర వేసుకుంటే అది పని మొదలుపెట్టేదాకా తట్టుకోవడం కష్టం. మందులు ఆస్పత్రి దగ్గరే కొనుక్కుని బయల్దేరండి.

మొదటి రెండు వారాలు: సూది కన్నా ముందు చేయాల్సినవి

ఈ రోజుల్లో నొప్పికి అసలు వైద్యం మాత్రలు, ఐసు, కాలు పెట్టుకునే తీరు, కసరత్తు. వినడానికి చిన్నగా ఉంటాయి గానీ చాలామందికి ఇవే సరిపోతాయి.

పారాసెటమాల్ మొదటి మాత్ర. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. వయసు మీరినవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు ఇంకా తక్కువ చెబుతారు. 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు నాలుగు వేసుకుంటే 2.6 గ్రాములు అవుతుంది. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. డోలో ఒకటి, జీరోడాల్-పి ఒకటి, కాంబిఫ్లామ్ ఒకటి అని మూడు చోట్ల మూడు మాత్రలు తెచ్చి కలిపి వేసుకుంటారు. మూడింటిలోనూ పారాసెటమాల్ ఉంది. చివరి రెండింటిలో దాంతోపాటు వాపు తగ్గించే నొప్పి మందు కూడా ఉంది. అట్లాంటివి రెండు కలిస్తే కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ రకం మాత్రల జోలికే పోకూడదు. వేసుకునేవాళ్లు ఏదైనా తిన్న తర్వాతే వేసుకోవాలి.

ఐసు గడ్డలను గుడ్డలో చుట్టి మోకాలి మీద ఒకసారికి 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. కట్టు తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు వేసుకోవాలి. నేరుగా చర్మం మీద పెడితే చర్మం కాలినట్టవుతుంది. వేడి కాపడం ఈ రోజుల్లో వద్దు, వాపు పెరుగుతుంది.

పడుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. దిండు మడమ కింద, పిక్క కింద పెట్టండి. చాలామంది హాయిగా ఉంటుందని మోకాలి కిందే దిండు పెట్టుకుంటారు. మోకాలు వంగి అట్లాగే బిగుసుకుపోతే తర్వాత నిటారుగా చాపడానికి నెలలు పడుతుంది.

కసరత్తు మాట. కీలులో కొద్దిపాటి నీరు చేరినా తొడ ముందు కండ తనంతట తాను సోలిపోతుంది. మెదడే ఆ కండను అణచి పెడుతుంది. కండ సోలితే మోకాలి మీద బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే నొప్పి, నొప్పి ఉంటే కాలు కదపం, కదపకపోతే కండ ఇంకా తగ్గుతుంది. ఈ చక్రం తెగాలంటే మొదటి రోజు నుంచే పాదం పైకీ కిందికీ ఆడించడం, కాలు చాపి తొడ కండను బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం మొదలుపెట్టాలి. తర్వాత కాలు నిటారుగా పైకెత్తడం. కుట్లు వేసిన మోకాలికి, లిగమెంట్ పెట్టిన మోకాలికి నియమాలు వేరుగా ఉంటాయి, కాబట్టి మీ ఫిజియో చెప్పిన చీటీ ప్రకారమే చేయండి.

మన ప్రాంతంలో పుత్తూరు కట్టుకు ఉన్న పేరు అందరికీ తెలుసు. అది విరిగిన ఎముకల కోసం జనం నమ్మి వెళ్లే కట్టు. కీహోల్ ఆపరేషన్ అయిన మోకాలికి ఏ కట్టూ బిగించి కట్టించకండి, నూనె రాసి మర్దన చేయించకండి. లోపల పచ్చి పుండు ఉంది, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉన్న రోజులివి.

స్టెరాయిడ్ సూది: బలమైనదే, కానీ వేళ ఉంది

ఊళ్లో "మోకాలి సూది" అంటే ఎక్కువసార్లు ఇదే. ట్రయామ్సినోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే మందులు. 1951లో జోసెఫ్ హోలాండర్ అనే అమెరికా డాక్టరు కీళ్లలోకి హైడ్రోకార్టిసోన్ ఇచ్చి ఫలితం చూపించినప్పటి నుంచీ ఇది వాడుకలో ఉంది. కీలు లోపలి పొర వాపును ఇది అణుస్తుంది. రెండు మూడు రోజుల్లో మొదలై కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది. ఆ మందులో నయం చేసే గుణం లేదు, వాపు తగ్గించే గుణమే ఉంది.

ఆపరేషన్ తర్వాత దీంతో వచ్చే చిక్కు ఏమిటంటే, వాపును అణిచే మందే సూక్ష్మజీవులతో పోరాడే శక్తిని కూడా అణుస్తుంది. కీహోల్ ఆపరేషన్ తర్వాత కీలులో చీము పట్టడం చాలా అరుదు, నూటికి ఒక్కరికన్నా తక్కువ. అమెరికాలో మెడికేర్ బీమా కింద ఉన్న పెద్దవయసు రోగుల రికార్డులు పరిశీలిస్తే, ఆపరేషన్ బల్ల మీదే స్టెరాయిడ్ కూడా వేయించుకున్నవాళ్లలో ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనిపించింది. అందుకే చాలామంది సర్జన్లు పుండు పూర్తిగా మానేదాకా, కొన్ని వారాల పాటు, ఈ సూది జోలికి పోరు. మెనిస్కస్‌కు కుట్లు వేసినా, లిగమెంట్ పెట్టినా ఇంకా వెనక్కి జరుపుతారు. కొత్తగా అతుక్కోవాల్సినదాన్ని స్టెరాయిడ్ బలహీనం చేస్తుందని భయం.

ఆరు వారాలో, మూడు నెలలో అయ్యాక కూడా కీలు ఉబ్బి, ఇన్ఫెక్షన్ లేదని తేలి, కసరత్తు చేయలేనంత నొప్పి ఉంటే అప్పుడు సర్జన్ ఒక స్టెరాయిడ్ సూది ఆలోచించవచ్చు. అప్పుడు అది నిజంగా పనికొస్తుంది. ఒకే కీలుకు ఏడాదికి మూడు నాలుగు సార్లకు మించి వేయరు. 2017లో అమెరికాలో 140 మంది అరుగుదల రోగుల మీద అచ్చయిన పరిశోధనలో, మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ సూది వేసినవాళ్లకు, సెలైన్ సూది వేసినవాళ్లకు నొప్పిలో తేడా రాలేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్లలోనే ఎక్కువ తగ్గింది. ఒకసారి మేలు చేసింది కదా అని మళ్లీ మళ్లీ వేయించుకునేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

షుగర్ ఉన్నవాళ్లు ముఖ్యంగా వినండి. కీలులో వేసిన స్టెరాయిడ్ రక్తంలోకి కూడా కొంత వెళుతుంది. ఆ రోజు నుంచే షుగర్ పెరగవచ్చు, మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి కొందరికి వారం దాకా ఉంటుంది. ఇంట్లో మిషన్ ఉంటే రోజూ చూసుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు సూదికి ముందే డోసు గురించి మాట్లాడుకోవాలి. షుగర్ అదుపులో లేకపోతే ఆ రోజు సూది వాయిదా వేయమని మీరే అడగండి.

జెల్ సూది, పీఆర్‌పీ

జెల్ సూది అంటే హైలురోనిక్ యాసిడ్. కీలులో సహజంగా ఉండే జిగురు నీటిలో ఇదీ ఒక భాగం. "గ్రీజు పెట్టినట్టు" అని చెబుతారు, ఖరీదు కూడా ఎక్కువే. ప్రపంచమంతటి పరిశోధనలను కలిపి చూసిన 2022 నాటి బీఎంజే సమీక్ష, అరుగుదల నొప్పికి దీని లాభం రోగికి తెలిసేంత పెద్దది కాదని చెప్పింది. మామూలుగా అందరికీ వాడమని అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం కూడా చెప్పడం లేదు. కీహోల్ ఆపరేషన్ తర్వాత తప్పనిసరిగా వేయించుకోవాల్సిన సూది అయితే కాదు.

మన ఇళ్లలో దీని గురించి ఇంకో ప్రశ్న వస్తుంది, ఇది దేని నుంచి తీస్తారని. కొన్ని కంపెనీల జెల్ కోడిపుంజు జుట్టు నుంచి, కొన్ని బ్యాక్టీరియాను పెంచి తయారు చేస్తారు. కోడి, గుడ్డు పడని అలర్జీ ఉన్నవాళ్లు మొదటి రకానికి దూరంగా ఉండాలి. పెట్టె మీద రాసి ఉంటుంది, అడగడం మీ హక్కు.

పీఆర్‌పీ అంటే మన రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులో వేయడం. 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది అరుగుదల రోగుల మీద చేసిన పరిశోధనలో ఏడాది తర్వాత పీఆర్‌పీకి, సెలైన్ సూదికి తేడా కనపడలేదు. వేరే చిన్న పరిశోధనలు కొన్ని మేలు చూపించాయి. కాబట్టి డాక్టరు చెబితే ప్రశ్నలు అడిగి ఆలోచించుకోవచ్చు. అప్పు చేసి, నగ తాకట్టు పెట్టి వేయించుకోవాల్సినంత ఆధారం మాత్రం ఈ రెండింటికీ లేదు.

నెలలైనా తగ్గకపోతే సూది కాదు, కారణం వెతకాలి

మూడు నెలలైనా నొప్పి అట్లాగే ఉంటే "ఆపరేషన్ ఫెయిల్" అనుకోవడం, సూది మీద సూది వేయించుకోవడం రెండూ తొందరపాటే. ముందు అడగాల్సింది నొప్పి ఎక్కడి నుంచి వస్తోందని. తొడ కండ బలం రాలేదా? మెనిస్కస్ మళ్లీ చిరిగిందా? లోపల మచ్చ కట్టి బిగుసుకుందా? లేకపోతే ఆపరేషన్‌కు ముందే గుజ్జు అరిగిపోయి ఉందా?

ఈ ఆఖరిదే పెద్దవాళ్లలో ఎక్కువ. రోజూ గొంతుక్కూర్చుని పాలు పితికినవాళ్లు, మామిడి కోతల్లో క్రేట్లు మోసినవాళ్లు యాభై దాటేసరికి మోకాలి అరుగుదలతో వస్తారు. ఎంఆర్ఐలో మెనిస్కస్ చిరుగు కూడా కనిపిస్తుంది. నొప్పి మాత్రం అరుగుదలదే కావచ్చు. 2002లో అమెరికాలో మోస్లీ అనే డాక్టరు 180 మంది అరుగుదల రోగుల మీద ఒక పరిశోధన చేశారు. కొందరికి నిజం కీహోల్ ఆపరేషన్, కొందరికి చర్మం మీద చిల్లులు మాత్రమే. రెండేళ్లు చూసినా ఇద్దరికీ నొప్పిలో తేడా లేదు. 2017లో బీఎంజే పత్రికలో అంతర్జాతీయ నిపుణుల బృందం, అరిగిన మోకాలికి కీహోల్ ఆపరేషన్ వద్దని గట్టిగా చెప్పింది. కుర్రవాడికి ఆటలో లిగమెంట్ తెగడం వేరు, నానీకి అరిగిన మోకాలు వేరు. ఇంకా ఆపరేషన్ చేయించుకోనివాళ్లు ఈ తేడా ముందే అడిగి తెలుసుకుంటే తర్వాతి సూదుల ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఇప్పటికే చేయించుకున్నవాళ్లకు దారి బరువు తగ్గడం, తొడ కండ పెంచడం, అవసరమైతే ఎప్పుడో ఒక స్టెరాయిడ్ సూది. మరీ అరిగిపోతే కీలు మార్పిడి మాట డాక్టరు చెబుతారు.

సజ్దా, రోజా

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును నొప్పి తర్వాత అడిగే ప్రశ్న నమాజు గురించే. సజ్దాలో, ఖాయిదాలో మోకాలు దాదాపు పూర్తిగా వంగుతుంది. కొద్దిగా మెనిస్కస్ ముక్క మాత్రమే తీసినవాళ్లు వాపు తగ్గాక కొన్ని వారాల్లో మెల్లగా అక్కడికి రావచ్చు. కుట్లు వేసినవాళ్లను సాధారణంగా మొదటి ఆరు వారాలు 90 డిగ్రీలు దాటి వంచవద్దంటారు, గొంతుక్కూర్చోవడానికి నాలుగు నెలల దాకా ఆగమంటారు. నిలబడలేనివారు కూర్చుని, వంగలేనివారు ఇషారాతో నమాజు చేసుకునే సౌలభ్యం మన దీన్‌లోనే ఉంది. కుర్చీ మీద నమాజు చేస్తే తక్కువ అనుకునే పెద్దవాళ్లకు ఇంట్లోవాళ్లే ఇది నెమ్మదిగా చెప్పాలి.

ఇక్కడే సూదితో ఒక ప్రమాదం. "సజ్దా చేయలేకపోతున్నా, ఒక సూది వేయండి" అని అడిగేవాళ్లున్నారు. నొప్పి అనేది లోపలి కుట్లను కాపాడే కాపలాదారు. సూదితో నొప్పి పోగొట్టి మోకాలు పూర్తిగా వంచితే కుట్లు తెగవచ్చు, తెగినట్టు ఆ రోజు తెలియదు కూడా. ఎంత వరకు వంచవచ్చో సర్జన్ చెప్పిన లెక్కే లెక్క, సూది వేసుకున్నా వేసుకోకపోయినా.

రంజాన్‌లో సూది వేయించుకోవచ్చా అని కూడా అడుగుతారు. చర్మం, కండ, రక్తనాళం ద్వారా ఇచ్చే చికిత్స ఇంజెక్షన్ల వల్ల రోజా పోదని, శక్తినిచ్చే సెలైన్ వంటివి వేరని, 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సమావేశం తీర్మానించింది. కీలులో వేసే సూది గురించి మీ దగ్గరి ఆలిమ్ గారిని అడిగి నిర్ధారణ చేసుకోండి. మాత్రల సంగతి వేరు. రోజుకు మూడు నాలుగు సార్లు మాత్ర పడాల్సిన మొదటి రోజుల్లో రోజా పట్టి మాత్రలన్నీ ఇఫ్తార్ తర్వాత ఒక్కసారే వేసుకోవడం ప్రమాదం. రోగికి తర్వాత ఖజా చేసుకునే అనుమతి ఉంది. తొందర లేని ఆపరేషన్ అయితే రంజాన్ తర్వాతికి తారీకు అడగవచ్చు.

ఎవరి చేత వేయించుకోవాలి?

చేతికో పిర్రకో వేసే సూది వేరు, కీలు లోపలికి వేసే సూది వేరు. కీలులో రక్షణ తక్కువ, ఒక్కసారి సూక్ష్మజీవులు చేరితే కొన్ని రోజుల్లోనే గుజ్జును తినేస్తాయి. అందుకే ఈ సూది ఎముకల డాక్టరు గానీ, అందులో శిక్షణ ఉన్న డాక్టరు గానీ, చర్మం శుభ్రంగా తుడిచి, కొత్త సూదితో, కొత్త మందు బుడ్డీతో వేయాలి. ఊళ్లో ఇంటికొచ్చి వేసేవాళ్ల చేత, షాపులో ఆపరేషన్ మోకాలికి సూది వేయించుకోకండి, మనిషి ఎంత మంచివాడైనా సరే.

వేయించుకునే ముందు ఈ ఐదు మాటలు అడగండి:

1. ఈ సూదిలో ఉన్న మందు పేరు ఏమిటి? స్టెరాయిడా, మత్తా, జెల్లా?
2. నా ఆపరేషన్ అయ్యి ఎన్ని వారాలైంది, ఇప్పుడు వేయడం సురక్షితమేనా?
3. ఇన్ఫెక్షన్ లేదని ఎట్లా నిర్ధారించారు?
4. దీని పని ఎన్నాళ్లు ఉంటుంది, ఆ రోజుల్లో నేను చేయాల్సిన కసరత్తు ఏది?
5. నా షుగర్, బీపీ, రక్తం పల్చబడే మందుల సంగతి మీకు తెలుసా?

జవాబులను, మందు పేరును, తారీకును డిశ్చార్జి కాగితం వెనకే రాయించుకోండి. ఇంకో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సినవి

ఆపరేషన్ తర్వాత గానీ, సూది తర్వాత గానీ ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా చూడకండి. చలితో జ్వరం రావడం. మోకాలు ఎర్రగా, వేడిగా, గంట గంటకూ ఉబ్బడం. చిల్లుల్లోంచి చీము, వాసన. కాస్త కదిపినా అరిచేంత నొప్పి. సూది వేసిన ఒకట్రెండు రోజులు నొప్పి కాస్త పెరగడం కొందరికి మామూలే, కానీ అది తగ్గకుండా జ్వరంతో కలిస్తే మామూలు కాదు. పిక్క ఉబ్బి గట్టిపడి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. వేలూరు దూరం, తిరుపతి దూరం అని ఆగకుండా ముందు దగ్గరున్న చిత్తూరు పెద్దాస్పత్రికైనా చేరండి. ఆపరేషన్ చేసిన డాక్టరుకు దారిలోంచే ఫోన్‌లో చెప్పవచ్చు.

సరైన వేళలో, సరైన చేత్తో పడిన సూది కొన్ని గంటలో కొన్ని వారాలో గడువు ఇస్తుంది. ఆ గడువులో మంచం మీద పడుకుంటే అది దిగిపోయిన రోజున నొప్పి మళ్లీ అక్కడే ఉంటుంది. ఆ గడువులో రోజుకు మూడు పూటలు తొడ కండకు పని చెబితే, రెండో సూది అవసరమే రాకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయి ఉంటే, ఈ రోజు వాళ్ల దగ్గర కూర్చుని కాలు ఎన్నిసార్లు ఎత్తారో లెక్కపెట్టండి. అల్లాహ్ అందరికీ షిఫా ఇవ్వాలి.